దక్కనీ గొర్లు మార్గశిరంల ఈనుతయ్, ఇప్పటిసంది ఏమేం తయారు పెట్టుకోవాలె?

మంజీర_ఒడ్డు (బిలోలి)

అందరికి నమస్తే. మాది బిలోలి తాలూకా, మంజీర ఇవతలి గట్టు, నది దాటితె తెలంగాణనే. దక్కనీ గొర్లు నలబై దాకా ఉన్నయ్. ఆషాఢంల పొట్టేలు కలిసింది కాబట్టి లెక్కకు మార్గశిరంల ఈత మొదలైతది, దీపావళి పోయింది, ఇంక చేతిల నెల పైన కొన్ని దినాలే ఉన్నయ్. ఇన్నేండ్లు మా బాపు మందను తోల్కొని బోధన్, ఆర్మూర్ దిక్కు వలస పోతుండె, వలసలనే ఈనుడు, పుట్టిన పిల్లల్ని గంపల ఏస్కొని నడ్సుడు. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు సాగుతలేవు. నేను ఊర్లనే కొట్టం ఏసిన, పొద్దంత మేపుకొచ్చి రాత్రికి కొట్టంల తోల్తున్న, కొట్టంల ఈనుడు మా ఇంట్ల ఇదే మొదలు.

పోయినేడు మా వాడకట్టుల కొట్టాలల్ల పుట్టిన పిల్లలు చానా మటుకు మొదటి వారంలనే పోయినయ్. కొన్ని లేసి నిలవడనే లేదు, కొన్ని చలికి, కొన్ని మంచిగ తాగి ఆడుకుంటనే చటుక్కున పడిపోయినయ్. అది మా కొట్టంల కావొద్దని ఇప్పటిసంది అడుగుతున్న. కొట్టం ఎట్లుండాలె, దాణా ఎంత, టీకా ఏది ఎప్పుడు, ఇంట్ల ఏ సామాన్ పెట్టుకోవాలె? సోయా పొట్టు బాగనే ఉంది, కంది ఇంకా చేన్లనే ఉంది, కడ్బ (ఎండిన జొన్న చొప్ప) కొనాలె. పెద్దలు చెప్పండ్రి.

దెగ్లూర్_కాకా

తమ్మీ, అందరు కొట్టం కాడ మొదలు పెడ్తరు, నువ్వు గొర్రె కాడ మొదలుపెట్టు. పిల్ల బతుకుడు చచ్చుడు సగం తల్లి కడుపుల ఉన్నప్పుడే తేలిపోతది. కొట్టం ఎంత మంచిగున్నా తల్లి బక్కగుంటె పిల్ల బక్కగ పుడ్తది, పొదుగుల పాలు దిగయ్, దిగినా పలచగ దిగుతయ్.

రేపు పొద్దున మందను ఇడిసే ముందు ఒక్కొక్కదాని నడుం మీద చెయ్యి పెట్టి చూడు. కండ్లతోని చూసుడు పనికిరాదు, దక్కనీకి ఉన్ని ఉంటది కదా, బక్క గొర్రె కూడ లావుగ కనిపిస్తది. ఎన్నుపూస చేతి వేళ్ళకు పిడికిలి కణుపుల లెక్క తగిలితె అది బక్కది, దాన్ని పక్కకు తియ్యి. ఎన్నుపూస ఉన్నట్టు తెలుస్తుంది కని గుచ్చుకుంటలేదు, మీద పల్చటి కండ ఉంది అంటె అది సరిగ ఉన్నట్టు. అస్సలు తగలకుంటె మరీ కొవ్వు పట్టినట్టు, అది కూడ మంచిది కాదు.

రెండోది, మందను గుంపులు చెయ్యి. తొలిసూరువి ఒక దిక్కు, బక్కవి ఒక దిక్కు, తడిక అడ్డం పెట్టు, లేకుంటె బలమైనవి దాణా మొత్తం మింగుతయ్, తొలిసూరుది గోడకు నిలబడి చూస్తుంటది. వచ్చేసారి పొట్టేలు కలిపెటప్పుడు దాని రొమ్ముకు జాజు నూనెల కలిపి పుయ్యి, ఏ గొర్రెను ఏ పక్షంల దాటిందో నడుం మీద గుర్తు పడ్తది, అప్పుడు ఏది ముందు ఈనుతదో ఏది ఎనుక ఈనుతదో నీకు ఎరుకైతది. ఈసారికి పొదుగు చూసుకుంటనే పోవాలె.

పశువైద్యం_కిన్వట్

కాకా చెప్పింది నూటికి నూరు నిజం. దానికి లెక్క చెప్తాను. గొర్రె సూడి సుమారు 147 నుంచి 150 రోజులు. కడుపులో పిల్ల బరువులో 70 శాతం దాకా చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. అదే టైంలో పిల్ల, ఉమ్మనీరు కడుపులో జాగా ఆక్రమించుకుంటాయి కాబట్టి గొర్రె మేత తినే శక్తి తగ్గుతుంది. అవసరం పెరిగింది, పట్టే జాగా తగ్గింది. అందుకే ఒట్టి కడ్బ, సోయా పొట్టు మీద నడిపితే సరిపోదు, కొంచెంలో ఎక్కువ బలం ఉండే దాణా కావాలి.

మీకిప్పుడు సరిగ్గా అదే టైం. రోజుకు గొర్రెకు 100 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో మెల్లగా 250 గ్రాములకు తీసుకురండి, ఈత దగ్గరపడ్డాక 350, 400 దాకా ఇవ్వొచ్చు, బక్కవాటికి, కవలలు ఉన్నాయనుకున్నవాటికి. మక్క నూక సగం, మిగతా సగంలో పల్లి చెక్క గానీ సోయా చెక్క గానీ, కంది చున్ని, గోధుమ తవుడు, దాంట్లో మినరల్ మిక్చర్, కొంచెం ఉప్పు. రెండు పూటలా పంచి పెట్టండి, ఒక్కసారే గుమ్మరించొద్దు. తొట్టి దగ్గర అన్ని గొర్రెలూ ఒకేసారి నిలబడే జాగా ఉండాలి.

ఇంకో మాట. సోయా, మక్క రాశులు ఇంటి ముందు ఆరబోసుకునే టైం ఇది, గొర్రె తాడు తెంపుకొని రాశి మీద పడితే కడుపులో పులుపు పెరిగి రాత్రికల్లా పడిపోతుంది, సూడిదైతే తల్లీ పిల్లా ఇద్దరూ పోతారు. రాశి చుట్టూ కంచె ఉండాల్సిందే.

ధర్మాబాద్_మిరప

డాక్టర్ సాబ్ ఒక మాట అడుగుతున్న, తప్పనుకోకుండ్రి. మా దిక్కు ఎవరైన సూడి గొర్రెకు దాణా బాగ పెడ్తె పిల్ల లావైతది, ఈనేటప్పుడు అడ్డం పడ్తది, తలకాయ ఎల్లది, గొర్రె చస్తది అంటరు. మా తాత ఆఖరి నెల ఒట్టి మేపుడు మీదనే నడిపేటోడు. పొట్టేలు నెల్లూరు జుడిపిది ఉండి గొర్రె చిన్న దక్కనీ ఐతే ఈ బాధ ఇంకింత ఎక్కువ అని నేను చూసిన. మరి 400 గ్రాములు అంటె భయమైతది.

పశువైద్యం_కిన్వట్

మంచి ప్రశ్న అడిగారు. పిల్ల అడ్డం పడేది ఎక్కువగా మూడు కారణాల వల్ల: తొలిసూరు గొర్రె ఇంకా ఎదగకముందే పొట్టేలు దాటడం, మీరన్నట్టు పెద్ద జాతి పొట్టేలును చిన్న గొర్రెకు కలపడం, పిల్ల కడుపులో తప్పుగా తిరిగి ఉండడం. కడుపులో ఒకటే పిల్ల ఉండి గొర్రె అప్పటికే కొవ్వు పట్టి ఉంటే దాణా తగ్గించాల్సిందే, కాకా చెయ్యి పెట్టి చూడమన్నది అందుకే. అందరికీ ఒకే డబ్బాతో కొలిచి పెట్టడం కాదు.

కానీ దాణా పెట్టకపోతే వచ్చే రోగం గురించి కూడా తెలుసుకోవాలి. కడుపులో రెండు పిల్లలున్న గొర్రెకు ఆఖరి నెలలో బలం చాలకపోతే తన ఒంట్లో కొవ్వునే కరిగించుకుంటుంది, ఆ కరిగిన కొవ్వు కాలేయానికి ఎక్కి ఒళ్ళు విషమవుతుంది. మంద నుంచి విడిపోయి ఒంటరిగా నిలబడుతుంది, మేత ముట్టదు, పళ్ళు కొరుకుతుంది, కళ్ళు కనిపించనట్టు గోడకు తగులుతుంది, తర్వాత కూలబడుతుంది. ఊపిరి దగ్గర తియ్యటి వాసన వస్తుంది. చాలామంది బెల్లం నీళ్ళు తాగిస్తారు, కానీ గొర్రె పెద్ద కడుపులో బెల్లం పులిసిపోతుంది, ఒంటికి పెద్దగా అందదు. ప్రొపిలీన్ గ్లైకాల్ సీసా ఒకటి ఇంట్లో పెట్టుకోండి, మొదటి లక్షణం కనిపించగానే తాగించి డాక్టర్‌కు ఫోన్ చెయ్యండి, నరంలో గ్లూకోజ్ ఎక్కించాలి. పడిపోయాక కాపాడడం కష్టం.

ఆఖరి నెలలో గొర్రెను ఒక్క పూట కూడా పస్తు ఉంచొద్దు. బండిలో ఎక్కించి దూరం తీసుకుపోవడం, వానకు రోజంతా కొట్టంలో కట్టేసి మేత వెయ్యకపోవడం, ఇలాంటివే ఈ రోగాన్ని మొదలుపెడతాయి.

దెగ్లూర్_కాకా

మిరప తమ్ముడు అన్న దాంట్ల ఒక నిజం ఉంది. వాళ్ళ తాత దాణా పెట్టకపోయిన గొర్రె పొద్దంత నడిసేది. నడిసిన గొర్రె సులువుగ ఈనుతది. కొట్టంల దాణా పెట్టి అక్కడనే పండబెడ్తె కష్టం అయితది. అందుకని బిలోలి తమ్మీ, ఈనే దినం దాకా రోజూ మేపుకు తోలు, కని దూరం కొట్టకు, కుక్కతోని ఉరికియ్యకు, ఇరుకు దర్వాజల గుంపుగ తోలకు. దర్వాజ కాడ ఒకదాని మీద ఒకటి పడి కడుపు ఒత్తుకుంటె పది దినాలకు ఈసుకపోతది (కడుపు పోతది), ఎందుకు పోయిందో నీకు ఎరుకే ఉండది.

మేపు జాగా కూడ చూసుకో. జొన్న కోసిన మోళ్ళకు మల్ల పిలకలు లేస్తయ్, నీళ్ళు అందక వాడిన లేత జొన్న ఇంకా చెడ్డది. దాని మీద పడితె నాము (లేత జొన్నల ఉండే విషం) పడ్తది, ఒక గడియల మంద మందే పోతది. యాసంగి జొన్న పూతకు వచ్చిందాక దాని గట్టు మీదికే తోలకు.

ఇంకోటి గట్టిగ చెప్తున్న. మార్గశిరం ఆఖరుకు లోహా కాడ మాళేగావ్ ఖండోబా జాతర, పశువుల సంత. మన దిక్కు అందరికి అక్కడ ఒక మంచి పొట్టేలు కొనాలని ఉంటది. కొను, వద్దంటలేను, కని తెచ్చిందాన్ని ఈనుతున్న మందల కలపకు. నాల్గు ఊర్ల జీవాలు ఒక్కకాడ కలిసిన జాగా అది, గాలికుంటు అక్కడిదే, పీపీఆర్ అనే పారుడు రోగం అక్కడిదే. నెల దినాలు వేరే దొడ్డిల ఉంచు, దానికి నీళ్ళు పెట్టిన బకెట్ గూడ ఇటు తేకు.

రాజురా_అక్క

నేను ఈత అయినంక సంగతి చెప్త, మా ఇంట్ల ఆ పని నాదే.

ముందుగాల జున్నుపాలు. మా దిక్కు ఇంకా కొందరు పొదుగుల మొదటి పాలు పిండి పారబోస్తరు, చిక్కగున్నయ్ పిల్లకు అరగయ్ అని. దండం పెట్టి చెప్తున్న, ఆ పని చెయ్యకుండ్రి. గొర్రెల రోగాన్ని ఆపే శక్తి కడుపుల ఉన్నప్పుడు పిల్లకు పోదు, మొత్తం ఆ జున్నుపాలతోనే పోతది. అది గూడ పిల్ల పేగు మొదటి కొన్ని గంటలే దాన్ని లోపలికి గుంజుకుంటది, ఒక దినం అయినంక ఎంత తాగిచ్చినా పాల లెక్కనే పోతది. పుట్టిన రెండు గంటలల్ల పిల్ల కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు కడుపుల పడాలె, అంటె రెండున్నర కిలోల పిల్లకు చిన్న టీ గ్లాసెడు. మొదటి దినం మొత్తంల కిలోకు 200 దాకా.

గొర్రె ఈనంగనే నేను చేసేది ఇంతే: ఒక్కొక్క సన్ను పట్టి రెండు ధారలు పిండుత, సన్ను కొసకు మైనం లెక్క బిరడ ఉంటది, అది తీసేస్తెనే పాలు ఎల్లుతయ్. పిల్ల తోకెత్తి ఊపుకుంట గుడుస్తుంటె కూడ నమ్మొద్దు, ఉన్ని పోసను నోట్ల పెట్టుకొని గుడుస్తుంటయ్ కొన్ని. పొట్ట కింద చెయ్యి పెట్టి చూడాలె, నిండుగ ఉంటె తాగినట్టు, పక్కలు లోపలికి ఉంటె తాగనట్టు. అందుకే పొదుగు చుట్టు, తోక కింద ఉన్ని ఇప్పుడే కత్తిరించి పెట్టుకో తమ్మీ. గొర్రెను కూసోబెట్టకు, ఎత్తకు, నిలబెట్టే కత్తిరించు.

బొడ్డు సంగతి రెండోది. చిన్న ప్లాస్టిక్ గ్లాసుల టింక్చర్ అయోడిన్ పోసి బొడ్డు మొత్తం మునిగేటట్టు ముంచాలె, మీద చుక్కేసుడు కాదు. పసుపు, బూడిద, పెండ రాసుడు వద్దు, బొడ్డు ఎంబడి పోయిన పుండే కీళ్ళల్లకు పోతది, పదిహేను దినాలకు పిల్ల మోకాళ్ళు వాచి కుంటుకుంట తిరుగుతది.

నా డబ్బల ఏముంటయంటె: అయోడిన్, చేతి గ్లౌజులు బాక్స్, శుభ్రమైన పాత చీర ముక్కలు, కొబ్బరినూనె గానీ సబ్బు నీళ్ళు గానీ జారుడుకు, సన్నటి మెత్తటి తాడు, బేబీ థర్మామీటర్, పాల సీసా రెండు నిపుల్స్, చార్జింగ్ బత్తి, నోట్‌బుక్. జున్నుపాలు ఎక్కువున్న గొర్రెవి పిండి చిన్న సీసాలల్ల ఫ్రిజ్ ఫ్రీజర్ల పెడ్త, తల్లి చచ్చిన పిల్లకు పనికొస్తయ్. కాంగ బెట్టేటప్పుడు మంట మీద పెట్టకుండ్రి, విరిగిపోతయ్, వేడి నీళ్ళ గిన్నెల సీసా పెట్టి గోరువెచ్చగ చేసుకోవాలె.

సిరొంచ_ప్రాణహిత

అక్కా నీ పోస్ట్ సేవ్ చేసి పెట్టుకున్న. మాకు కొట్టం లేదు, ఉన్నా వరికోతలైనంక మంద ఊర్ల ఉండదు. రైతుల పొలాలల్ల మంద పెడ్తం, ఒక్కొక్క పొలంల రెండు మూడు రాత్రులు, వాళ్ళు వడ్లిస్తరు. ఈత ఆ తిరుగుడులనే వస్తది. ఇట్లాంటోళ్ళు ఏం చెయ్యాలె?

మేం చేసేది: వల తట్టు ఒకటి ఎప్పుడు ఎంబడి ఉంటది, ఈనే పొద్దు దగ్గరున్నదాన్ని, కొత్తగ ఈనినదాన్ని అందుల ఆపుతం. ఎంబడే మందతో తోలితె పిల్ల తల్లి వాసన పట్టకముందే యెడబాస్తది, మల్ల తల్లి ఒప్పుకోదు. ఈనిన దినం ఒకడు ఆడనే ఆగుతడు, మంద ముందుకు పోతది. మా దిక్కు అడవి దగ్గర, మాయ, నెత్తురు వాసనకు నక్కలు వస్తయ్, కుక్కలు వస్తయ్, మాయ పడంగనే లోతుగ పాతిపెడ్తం.

నాది ఒక అనుమానం. ప్రాణహిత, గోదారి ఒడ్డు పల్లం భూములు మావి, వరి మడులల్ల నీళ్ళు నిలిచే ఉంటయ్, నత్తలు ఉంటయ్, జలగ రోగం మస్తు. గొంతు కింద నీరు దిగుతది, కండ్లల్ల కింది రెప్ప గుంజి చూస్తె తెల్లగ ఉంటది. సూడి గొర్లకు నట్టల మందు పొయ్యొచ్చా వద్దా? ఒకలు వద్దంటరు, ఈసుకపోతయ్ అని.

పశువైద్యం_కిన్వట్

ఆ భయం ఉట్టిది కాదు, కానీ సగమే నిజం. ఆల్బెండజోల్ అనే మందు సూడి కట్టిన మొదటి నెల, నెలన్నరలో పొయ్యకూడదు, పిల్లకు అంగవైకల్యం రావచ్చు. మీ మందలో ఇప్పటికే నాలుగో నెల దాటి ఉంటే ఆ ప్రమాదం లేదు, అయినా ఫెన్‌బెండజోల్ ఇంకా నిశ్చింత. కార్జపు జలగకు ఇది చాలదు, ఆక్సిక్లోజనైడ్ లాంటిది కావాలి. పెంటికలు తీసుకుపోయి దవాఖానలో పరీక్ష చేయిస్తే ఏ పురుగుందో తెలుస్తుంది, ఆ పురుగు మందే పొయ్యొచ్చు. గొర్రెను తూకం వేసి బరువును బట్టి పొయ్యండి, అందరికీ ఒకే కొలత వద్దు. తల పైకి మరీ ఎత్తి పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సూడి గొర్రెకు మందు ఎందుకు తప్పదంటే, ఈత ముందు రెండు మూడు వారాల నుంచి గొర్రె ఒంట్లో నిరోధక శక్తి తగ్గుతుంది, అప్పుడు లోపలున్న పురుగులు గుడ్లు విపరీతంగా పెడతాయి. ఆ గుడ్లన్నీ కొట్టంలో, గడ్డిలో పడి నెల తర్వాత మేత మొదలుపెట్టిన పిల్లల కడుపులోకి పోతాయి.

టీకా సంగతి బిలోలి వాళ్ళు అడిగారు, ఇంకా చెప్పలేదు. మంచిగా ఉన్న పిల్ల చటుక్కున పడిపోవడం అన్నారు చూడండి, అది ఎక్కువసార్లు చిటుక రోగం. పాలు ఎక్కువున్న తల్లి పిల్లకే, బలంగా ఉన్న పిల్లకే వస్తుంది. దానికి టీకా పిల్లకు కాదు, ఇప్పుడు తల్లికి వెయ్యాలి, ఈతకు మూడు నాలుగు వారాల ముందు. అప్పుడు తల్లి జున్నుపాలలో ఆ శక్తి వస్తుంది, అక్క చెప్పిన పాలు తాగించడం అప్పుడే పూర్తిగా ఫలిస్తుంది. ధనుర్వాతం టీకా కూడా అప్పుడే. పీపీఆర్ ఒక్కసారి వేస్తే మూడేళ్ళు పనిచేస్తుంది, అది సూడి మీద కాకుండా పొట్టేలు కలపకముందే వేయించుకుని ఉండాలి, పిల్లలకు మూడు నెలలు దాటాక.

పర్లాకిమిడి_మంద

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి కాడ. మాయి గంజాం గొర్రెలు, గోధుమ రంగుయి, ఎక్కువగా ఒక్కో పిల్లే ఈనుతాయి, కాబట్టి ఒక్క పిల్ల పోతే ఆ గొర్రెకి ఆ యేడు పంట పోయినట్టే. ఒరిస్సాలోనే కేంద్రపడా గొర్రెలున్నాయి, అవి కవలలు ఈనుతాయి, మీ మహారాష్ట్రలో ఫల్టణ్ కాడ నింబ్కర్ సంస్థ వోళ్ళు సుందర్బన్ గారోల్ గొర్రె నుంచి ఆ గుణం దక్కనీలోకి తెచ్చి నారీ సువర్ణ అనే జాతి చేసినారు కదా. ఆశపడి కవలల జాతి తెచ్చుకునేవాళ్ళకి ఒక మాట, రెండు పిల్లలకి పాలు సరిపోయేలా తల్లిని మేపగలిగితేనే తెండి, లేపోతే రెండూ అరాకొరాగా ఉంటాయి.

మా బాధ చలి కాదు, తడి. 2018 అక్టోబర్ల తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా దిక్కు కొట్టాల కప్పులు ఎగిరిపోనాయి, సూడివి రాత్రంతా తడిసిపోనాయి. అప్పట్నుంచి మేము వెదురు మంచె ఏసుకుంటన్నాం, నేలకి రెండడుగుల ఎత్తు, పెంటికలు కిందకి రాలిపోతాయి. కానీ ఈనే గొర్రెని మంచె మీద ఉంచకండి, సందుల్లో పిల్ల కాలు ఇరుక్కుంటాది. ఈనిన వారం నేల మీదే, ఎండుగడ్డి పరిసి.

తల్లి పిల్లని ఒల్లకపోతే ఏటి సేస్తారు మీరు? మా కాడ ఆ ఉమ్మనీరే తీసి పిల్ల ఒంటికి పూసి, కొంచెం ఉప్పు సల్లి తల్లి ముందు పెడతాం, నాకుతాది. తొలిసూరుదైతే సిన్న మూలలో రెండు మూడు రోజులు తల్లినీ పిల్లనీ కలిపి కట్టీసి ఉంచుతాం.

రాజురా_అక్క

మేం కూడ గదే చేస్తం అన్నా. ఆ చిన్న మూలనే అసలు పని. తమ్మీ, పది గొర్లకు ఒకటి చొప్పున అయిదడుగులకు నాలుగడుగుల చిన్న అరలు తడికలతో చేసి పెట్టు. ఈనంగనే తల్లి, పిల్ల అందుల. ఒక దినం, కవలలైతె రెండు మూడు దినాలు. అరల నీళ్ళ తొట్టి చిన్నది పెట్టు, పెద్ద బకెట్ల పిల్ల పడి మునుగుతది. ఒక గొర్రె పోయినంక గడ్డి తీసి, సున్నం చల్లి, కొత్త గడ్డి వేసినంకనే ఇంకోదాన్ని పెట్టాలె.

వేరే గొర్రె పిల్ల చచ్చిపోతె తల్లిలేని పిల్లను దానికి కట్టొచ్చు, చచ్చిన పిల్ల తోలు తీసి బతికినదానికి చొక్కా లెక్క తొడిగితె తన పిల్ల వాసనే అనుకొని తాగనిస్తది, రెండు మూడు దినాలకు తీసెయ్యొచ్చు. కని రోగంతోని చచ్చిన పిల్ల తోలు తొడగకుండ్రి.

మంజీర_ఒడ్డు

అందరికి చానా చానా థ్యాంక్స్. పొద్దున లేసి అన్నిటి నడుం పట్టి చూసిన, తొలిసూరువి ఎక్కువ బక్కగున్నయ్, వాటిని అడ్డం కట్టి యెడంగ పెట్టిన. ఇంక కొట్టం గురించి. మూడు దిక్కుల తడిక ఉంది, ఒక దిక్కు ఖాళీ. డిసెంబర్ల మా దిక్కు చలి గట్టిగనే ఉంటది. నాలుగు దిక్కుల కింది నుంచి కప్పు దాకా తాడ్పత్రి కట్టి గాలి రాకుండ చెయ్యాలనుకున్న, సరేనా?

ధర్మాబాద్_మిరప

వద్దు తమ్మీ, అట్ల కట్టకు. ఇది నేను గట్టిగ చెప్పగల్త. మొత్తం మూస్తె ఉచ్చ వాసన లోపలనే తిరుగుతది, కప్పుకు చెమ్మ పట్టి పొద్దుగాల చుక్కలు చుక్కలు కారుతది, ఆ తడికే పిల్లలకు నిమ్ము వస్తది. నువ్వు నిలబడి వాసన చూస్తె ఏం తెల్వది, పిల్ల పండే ఎత్తుకు గొంతు కాళ్ళ మీద కూసోని ఊపిరి తీస్కో, కండ్లు మండితె గాలి చెడ్డదన్నట్టు. కింద మూడున్నర, నాలుగడుగుల దాకా గాలి తగలకుంట గట్టిగ మూయి, దాని పైన కప్పు కింద జాగా ఇడిసిపెట్టు. ఖాళీ దిక్కు ఉత్తరమో తూర్పో ఉంటె తాడ్పత్రి రాత్రికే దించి పొద్దుగాల ఎండ రాంగనే ఎత్తు.

కింద పాత పెంటికలు గీకి తీసెయ్, నేల ఆరనియ్యి, సున్నం చల్లు, మీద ఎండిన కడ్బ కుట్టి గానీ వరిగడ్డి గానీ పరువు. మోకాళ్ళ మీద కూసుంటె ప్యాంట్ తడి కావొద్దు, గదే కొలత. గోడల సందులల్ల గోమార్లు ఉంటయ్, మంద మేపుకు పోయినప్పుడు ఖాళీ కొట్టంలనే మందు కొట్టు, పిల్లలు పుట్టినంక కొట్టకు.

రాజురా_అక్క

ఇంకో రెండు మాటలు మర్చిపోయిన. ఇంట్ల కడుపుతోని ఉన్న ఆడోళ్ళు ఎవరన్న ఉంటె వాళ్ళను ఈనే గొర్రె కాడికి, మాయ కాడికి, ఈసుకపోయిన పిల్ల కాడికి అస్సలు రానియ్యొద్దు, ఆ బట్టలు కూడ వాళ్ళతో ఉతికియ్యొద్దు. గొర్రె నుంచి మనిషికి అంటే రోగాలు ఉన్నయ్, కడుపు పోతది. గొర్రె ఈసుకపోతె ఆ గొర్రెను పక్కకు పెట్టు, గ్లౌజులు ఏస్కొనే ముట్టు, పిల్లను, మాయను సున్నం ఏసి పాతిపెట్టు, కుక్కకు దొరకొద్దు. ఒకటికి రెండు ఈసుకపోతె డాక్టర్‌కు చెప్పి రక్తం పరీక్షకు ఇయ్యి, బ్రూసెల్లా అనే అంటురోగం ఉంటె మంద మొత్తానికి అంటుతది, నీకు కూడ.

ఈనేటప్పుడు తొందరపడి చెయ్యి పెట్టకు. నీళ్ళ బుడ్డ పగిలినంక చానా గొర్లు అర్ధగంట, గంటల ఈనుతయ్. ముందు రెండు గిట్టలు, వాటి మీద మూతి కనపడ్తె దానంతట అదే ఎల్లుతది. గంట దాకా ముక్కుతుంది ఏం ఎల్తలేదు, లేకుంటె ఒక్కటే కాలు కనపడ్తుంది, తోక కనపడ్తుంది అంటెనే చెయ్యి అవసరం, నీకు రాకుంటె 1962 కు ఫోన్ కొట్టు, మొబైల్ దవాఖాన బండి వస్తది. మెడికల్ షాపోడు ఇచ్చిన ఆక్సిటోసిన్ సూది పొడవకు, పిల్ల అడ్డం ఉన్నప్పుడు ఆ సూది ఏస్తె లోపల గర్భసంచే చినుగుతది. మాయ కొన్ని గంటలల్ల పడ్తది, ఏలాడుతుందని గుంజకు.

సిరొంచ_ప్రాణహిత

అక్కా, చలికి బిగుసుకపోయిన పిల్లను మా కాడ ఎంబడే మంట కాడ పెట్టి పాలు పోస్తరు. కొన్ని బతుకుతయ్, కొన్ని పాలు పొయ్యంగనే పోతయ్. ఎందుకు?

పశువైద్యం_కిన్వట్

పిల్ల వేడి 39, 40 డిగ్రీలు ఉండాలి. నోట్లో వేలు పెడితే నోరు చల్లగా ఉండి పిల్ల గుడవడం లేదంటే, దానికి సీసాతో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ముందు ఒళ్ళు తుడిచి ఆరబెట్టాలి, గొంగడిలో చుట్టి, గోరువెచ్చని నీళ్ళ సీసాలు పక్కన పెట్టాలి. తల పైకెత్తి గుడవడం మొదలుపెట్టాకే పాలు. పుట్టి అయిదారు గంటలు దాటి 37 డిగ్రీల కంటే తగ్గిన పిల్లకు ఒంట్లో చక్కెర కూడా అయిపోయి ఉంటుంది, దాన్ని ఉట్టిగా వేడి చేస్తే మూర్ఛ వచ్చి పోతుంది, దానికి ముందు గ్లూకోజ్ ఎక్కించాలి, అది డాక్టర్ చేతి పని. థర్మామీటర్ పెట్టుకోమని అక్క చెప్పింది అందుకే.

తల్లిలేని పిల్లకు ఆవు పాల కంటే బర్రె పాలు నయం, గొర్రె పాలలో వెన్న ఎక్కువ, బర్రె పాలు దానికి దగ్గరగా ఉంటాయి. నీళ్ళు కలపొద్దు. మొదటి రెండు మూడు రోజులు కొంచెం కొంచెం, రోజుకు ఆరేడు సార్లు, ప్రతిసారీ సీసా వేడి నీళ్ళతో కడగాలి.

మంజీర_ఒడ్డు

టీకాకు రేపే దవాఖానకు పోతున్న. తడికలు మా బాపు అల్లుతుండు, కాళ్ళు పనిజేస్తలేవు గని చేతులు పనిజేస్తున్నయ్ అని రాత్రి దాకా కూసుండు. రాత్రి కాపలాకు నేను పన్నెండు దాకా, తర్వాత బాపు, చివరికి పొద్దుగాల మా చెల్లె.

ఇంకొక్కటి. ఒక ముసలి గొర్రె ఉంది, మంచి పాల గొర్రె, పోయినేడు కవలలను సాకింది. పొద్దున చూస్తె పొదుగు ఒక దిక్కు కొంచెం గట్టిగ తగుల్తుంది. నొప్పి ఉన్నట్టు లేదు, మేత మంచిగనే తింటుంది. ఈనే ముందు పాలు దిగుడుకు అట్ల ఐతదా, లేక పొదుగువాపా?

దెగ్లూర్_కాకా

పాలు దిగితె రెండు దిక్కుల సమానంగ దిగుతది తమ్మీ, ఒక్క దిక్కే గట్టిగుంటె పోయినేటి వాపు లోపల గడ్డ కట్టి ఉండొచ్చు. ముట్టుకుంటె వేడిగ ఉందా, రెండో దిక్కు లెక్కనే ఉందా? ఎర్రగ గానీ నీలంగ గానీ ఉందా? ఇప్పుడే పిండి చూడకు, బిరడ తీస్తె రోగం లోపలికి పోతది.

పశువైద్యం_కిన్వట్

కాకా అడిగినవే నేనూ అడగబోయాను. వేడి లేకుండా గట్టిగా, ముద్దలా ఉంటే పాతదే, ఆ దిక్కు పాలు రావు, ఈనాక ఒక పిల్లను మీరు సీసాతో పెంచాల్సి ఉంటుంది, బర్రె పాలు ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. వేడిగా ఉండి కుంటుతూ నడిస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. టీకాకు పోయేటప్పుడు ఆ గొర్రెను కూడా డాక్టర్‌కు చూపించండి. ఈలోపు పొదుగు ఫోటో వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి ఇక్కడ పెట్టండి, రెండు సన్నులూ కనిపించాలి.